భయం అమ్మితే లాభం: ‘యాంటీ రేడియేషన్’ లాకెట్ నేర్పే పాఠం

కొన్నాళ్ల క్రితం మా పెద్దమ్మ వాట్సాప్‌లో ఒక వీడియో పంపి, వెంటనే ఫోన్ చేసింది. “నువ్వు ఫిజిక్సే కదరా చదివింది, ఇది కొనమంటావా?” అని అడిగింది. వీడియోలో ఒకాయన మెడలోని నల్లటి లాకెట్ చూపిస్తున్నాడు. అది సెల్ టవర్ల రేడియేషన్‌ను అడ్డుకుంటుందట, నొప్పులు తగ్గిస్తుందట, నిద్ర పట్టిస్తుందట. మధ్య మధ్యలో ‘క్వాంటం’, ‘స్కేలార్ ఎనర్జీ’, ‘నెగెటివ్ అయాన్లు’ అనే మాటలు దొర్లుతున్నాయి. చివర్లో ఒక లింకు, ఒక డిస్కౌంట్ కోడ్.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు. ఆవిడకు కావలసింది క్వాంటం సిద్ధాంతం కాదు, కాస్త ఉపశమనం. ఇలాంటి వీడియోల వ్యాపారమంతా ఆ అవసరం మీదే నడుస్తుంది. అదెలాగో ఈ లాకెట్‌నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

భయంలో నిజమెంత?

రేడియేషన్ అన్న మాట వినగానే అణుబాంబు గుర్తొస్తుంది. కానీ దీపం వెలుగు, రేడియో తరంగాలు, ఎక్స్-రేలు అన్నీ రేడియేషనే. తేడా అంతా శక్తిలో ఉంది. ఒక అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తి ఉంటే దాన్ని అయనీకరణ రేడియేషన్ అంటాం. అది డీఎన్ఏను నేరుగా దెబ్బతీయగలదు. దానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి.

మన దేశంలో 5జీ వాడుతున్న ముఖ్యమైన తరంగాల్లో ఒకటి 3.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. దాని ఒక్కో ఫోటాన్ శక్తి దాదాపు 0.000014 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే అయనీకరణకు కావలసిన దానికంటే ఏడు లక్షల రెట్లు తక్కువ. కంటికి కనిపించే మామూలు వెలుతురు ఫోటాన్‌కే ఇంతకంటే లక్ష రెట్లకు పైగా శక్తి ఉంటుంది. రేడియో తరంగాలు మరీ తీవ్రంగా ఉంటే శరీరాన్ని వేడెక్కించగలవు. టవర్లకు, ఫోన్లకు పరిమితులు పెట్టింది అందుకే.

పోనీ, లాకెట్ నిజంగానే ఆ తరంగాలను ఆపుతుందనుకుందాం. అప్పుడు దాని పక్కన పెట్టిన ఫోన్‌కు సిగ్నల్ అందకూడదు. ఫోన్ మామూలుగానే మోగుతోందంటే లాకెట్ దేన్నీ ఆపడం లేదన్నమాట.

లాకెట్ లోపల ఏముంది?

2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్ముతున్న వాటితో సహా 10 ఉత్పత్తులు రేడియోధార్మికమైనవని, వాటిని వాడవద్దని ప్రజలకు చెప్పింది. వాటిలో లాకెట్లతో పాటు నిద్రలో కళ్లకు కట్టుకునే మాస్కు, పిల్లల చేతికి వేసే బ్రేస్‌లెట్ కూడా ఉన్నాయి. వెలువడుతున్న రేడియేషన్ మోతాదు తక్కువే. కానీ ఒంటికి ఆనుకుని రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి ఉంటే చర్మానికి హాని జరగవచ్చన్నది ఆ సంస్థ ఆందోళన.

రేడియేషన్‌ను ఆపుతుందన్న వస్తువే రేడియేషన్‌ను ఎందుకు వెదజల్లుతోంది? జవాబు ‘నెగెటివ్ అయాన్లు’ అన్న మాటలో ఉంది. ఇలాంటి వస్తువుల్లో కొన్నింటిలో మోనజైట్ వంటి ఖనిజాల పొడి కలుపుతారు. మోనజైట్ మన ఆంధ్ర, కేరళ తీరాల ఇసుకలోనూ దొరుకుతుంది. అందులో థోరియం ఉంటుంది. థోరియం సగం తరిగిపోవడానికి సుమారు 1400 కోట్ల ఏళ్లు పడుతుంది. అంతకాలమూ అది, దాన్నుంచి పుట్టే మూలకాలు కణాలను విడుదల చేస్తూనే ఉంటాయి. ఆ కణాలు గాలి అణువులను ఢీకొని అయాన్లుగా మారుస్తాయి.

కొన్ని వీడియోల్లో లాకెట్ దగ్గర ‘అయాన్ మీటర్’ పెట్టి, అంకెలు పెరగడం చూపిస్తారు. రేడియోధార్మిక పొడి కలిసిన లాకెట్ అయితే మీటరు అబద్ధం చెప్పడం లేదు. అది చూపిస్తున్నది రేడియేషన్ చేసిన పనిని. చూసేవాళ్లకు మాత్రం దాన్ని ఆరోగ్యంగా చూపిస్తున్నారు.

అలాగని మార్కెట్లోని ప్రతి లాకెట్టూ రేడియోధార్మికం కాదు. చాలావాటిలో ఉండేది ఉత్త రాయి, గాజు, లోహం. అవి కీడూ చేయవు, మేలూ చేయవు. జేబు మాత్రం ఖాళీ చేస్తాయి.

డబ్బు దారి

వీడియో చేసినాయనకు ఏం లాభం? లింకు ద్వారా జరిగే ప్రతి అమ్మకం మీదా కమీషన్ వస్తుంది. డిస్కౌంట్ కోడ్ కొనేవాళ్లకు తగ్గింపులా కనిపిస్తుంది కానీ, ఏ అమ్మకం ఎవరి ఖాతాలో పడాలో తేల్చే గుర్తు కూడా అదే. ఒక ఊహా లెక్క వేద్దాం. ఐదు లక్షల మంది ఫాలోయర్లలో 200 మందికి ఒకరు చొప్పున, 1,500 రూపాయల లాకెట్ కొన్నారనుకోండి. 20 శాతం కమీషన్ అయితే ఒక్క వీడియోకు ఏడున్నర లక్షలు. మిగతా 199 మంది నమ్మకపోయినా ఆయనకు నష్టం లేదు.

ఇది లాకెట్లకే పరిమితం కాదు. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకుల నేతృత్వంలో ఒక అధ్యయనం 2025లో ‘జామా నెట్‌వర్క్ ఓపెన్’ పత్రికలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అమ్ముతున్న ఫుల్ బాడీ ఎంఆర్ఐ లాంటి ఐదు వైద్య పరీక్షల గురించిన 982 పోస్టులను వాళ్లు పరిశీలించారు. 87 శాతం పోస్టులు లాభాలు చెప్పాయి. హాని గురించి చెప్పినవి 15 శాతమే. పోస్టు పెట్టినవాళ్లలో 68 శాతం మందికి ఆర్థిక ప్రయోజనం ఉంది.

‘నాకు తగ్గింది’ అన్నవాళ్ల సంగతి?

వాళ్లంతా అబద్ధం చెబుతున్నారని కాదు. మోకాళ్ల నొప్పి కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు తగ్గుతుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం కొత్త మందు కోసం వెతుకుతాం. ఏమీ చేయకపోయినా ఆ తర్వాత కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ పేరు లాకెట్‌కు వస్తుంది. తగ్గనివాళ్లు వీడియో చేయరు. అందుకే శాస్త్రవేత్తలు ఒక గుంపుకు అసలుది, మరో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తిది ఇచ్చి పోల్చి చూస్తారు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు లాకెట్‌నో పొడినో నమ్మి మాత్రలు మానేస్తే, పోయేది డబ్బు ఒక్కటే కాదు.

చట్టం మన వైపే

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మహిమగల తాయెత్తులు, కవచాలతో జబ్బులు నయమవుతాయన్న ప్రకటనలను నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు ప్రచారం చేసినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. 2023 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్య నిపుణులుగా కనిపించే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ మాటలు డాక్టర్ సలహాకు ప్రత్యామ్నాయం కావని స్పష్టంగా చెప్పాలి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

కొనే ముందు నాలుగు ప్రశ్నలు

1. ఇది నేను కొంటే చెప్పినవారికి డబ్బు వస్తుందా?
2. ఒకే వస్తువు పది జబ్బులకు పనిచేస్తుందంటున్నారా?
3. శాస్త్రం మాటలు తీసేస్తే మిగిలేది ఏమిటి? పోల్చి చూసిన పరీక్ష ఉందా?
4. హాని గురించి ఒక్క ముక్కైనా చెప్పారా?

ఇప్పటికే అలాంటి లాకెట్ ఇంట్లో ఉంటే మెడలోంచి తీసి పక్కన పెట్టండి. పగలగొట్టకండి, పొడి చేయకండి. పిల్లలకు అందనివ్వకండి.

పెద్దమ్మ లాకెట్ కొనలేదు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆ వీడియోను నాకంటే ముందే ముగ్గురు స్నేహితురాళ్లకు పంపిందట. వాళ్లకు కూడా ఈ నాలుగు ప్రశ్నలు పంపమని అడిగితే పంపాను.