గట్టు మీంచి బాస్‌కి గాలం

అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ, పబ్లిక్ చెరువు గట్టున లార్జ్‌మౌత్ బాస్‌కి గాలం వేసే మన సీనియర్లు చాలామందిది ఒకటే మాట: "ఈ చెరువులో చేపే లేదురా!" ఉంటుంది. రోజూ పదిమంది అదే చోట నిలబడి అదే రకం ఎర విసురుతుంటే నోరు తెరవదు, అంతే.

దీని వెనక సైన్సుంది. ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో పట్టిన ప్రతి బాస్‌కీ గుర్తు పెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలారు. 1980లో చెరువు ఖాళీ చేసి చూస్తే కొన్ని చాలాసార్లు చిక్కినవి, కొన్ని ఒక్కసారి కూడా దొరకనివి! ఆ రెండు రకాల్నీ విడివిడిగా పెంచితే పిల్లల్లోనూ ఆ తేడా కనబడింది, తరం మారేకొద్దీ పెరిగింది కూడా. అంటే గాలానికి చిక్కడం కొంతవరకు వంశపారంపర్యమే. పైగా బాస్‌లలో గూడు కాసేది మగది. బాగా కాసే తండ్రులే తేలిగ్గా చిక్కుతాయట, పాపం. దాన్ని పైకి లాగిన కాసేపట్లోనే చిన్న చేపలు చేరి గుడ్లు తినేస్తాయి. అందుకే వసంతంలో గూటి మీదున్నదాని జోలికి పోకపోవడమే న్యాయం అంటాన్నేను.

మరి పట్టడమెలా? నేరుగా నీళ్ళ అంచుకి వెళ్ళకండి. మన అడుగుల అదురుని చేప ఒంటి పక్కనుండే గీతతో పసిగడుతుంది. నాలుగడుగులు వెనకే ఆగి, ముందు గట్టు వెంబడే విసరండి, నడిమధ్యకి కాదు. సన్న దారం, చిన్న రబ్బరు పురుగు, నెమ్మదిగా లాగడం. తెల్లవారుజాము మేలు.

అన్నట్టు, టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండితే లైసెన్స్ కావాలి. చాలా చెరువుల్లో 14 అంగుళాల లోపు బాస్‌ని తిరిగి వదిలెయ్యాలి.