కౌంటింగ్ నాటి ధర

మొవ్వ చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి రిటైరై పదహారేళ్లయింది. కూచిపూడి వెళ్లే దారిలో టీకొట్టు దగ్గర ఎన్నికలొచ్చినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే: "మాస్టారూ, ఎవరొస్తే మార్కెట్ పెరుగుద్ది?" నాకు తెలియదు. తెలిసినవి ఇవీ.

1. భయమేసిన రోజున అమ్మకండి. నేను అమ్మాను. 2004 మే 17, సోమవారం. అప్పటికే ఢిల్లీలో వాజపేయి ప్రభుత్వం ఓడిపోయింది, ఇక్కడ తెలుగుదేశమూ ఓడిపోయింది. కొత్త ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడాలి, ప్రభుత్వ కంపెనీల వాటాల అమ్మకం ఇక ఆగిపోయినట్టేనని బొంబాయి బెంబేలెత్తింది. గుడివాడలో బ్రోకరు గదిలో పదిహేనుమందిమి ఒక్క కంప్యూటరు మీదికి వంగి ఉన్నాం. ఫ్యాను తిరుగుతున్నా చొక్కాలు తడిసిపోయాయి. సెన్సెక్స్ ఒక దశలో 842 పాయింట్లు పడింది. ట్రేడింగ్ రెండుసార్లు ఆపారు. మళ్లీ తెరవగానే ఉన్నవన్నీ అమ్మెయ్యమన్నాను. సాయంత్రానికి కాస్త తేరుకుని, 565 పాయింట్ల నష్టంతో 4,505 దగ్గర ఆగింది. బస్సులో ఇంటికొస్తూ గండం గడిచిందనుకున్నాను. మరుసటి ఏడాది చివరికి సూచీ 9,000 దాటింది. ఈ సంగతి మా ఆవిడకి చాలాకాలం చెప్పలేదు.

మా వైపు రైతు ధాన్యం కళ్లంలోనే వచ్చిన రేటుకి ఎందుకు తెగనమ్ముకుంటాడు? అప్పులవాడు గట్టు మీద నిలబడి ఉంటాడు గనక. నా గట్టు మీద ఎవరూ లేరు. అయినా కళ్లం రేటుకే ఇచ్చేశాను.

2. "ఫలితం తేలాక కొందాం" అన్న తెలివి కూడా చూశాను. 2009లో డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. శనివారం ఫలితాలొచ్చాయి. సోమవారం, మే 18న, మార్కెట్ తెరవగానే అప్పర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగ్ ఆగిపోయింది. రోజు మొత్తం మీద ట్రేడింగ్ జరిగింది సుమారు ఒక్క నిమిషం. సూచీ 2,110 పాయింట్లు, 17 శాతం ఎగిరింది. నాకు ఒక్క షేరు దొరకలేదు.

3. అప్పు చేసి ఎగ్జిట్ పోల్స్ మీద పందెం కాయొద్దు. 2024 జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లు పెరిగింది. హైదరాబాదు నుంచి అల్లుడు ఫోను: "మావయ్యగారూ, పర్సనల్ లోన్ తీసుకుని పెట్టేశాను." మర్నాడు కౌంటింగ్. 4,390 పాయింట్లు పడింది. మధ్యాహ్నమే అమ్మేశాడు, పాపం. 7వ తేదీకల్లా సూచీ 3వ తేదీ ముగింపును దాటిపోయింది. మూడు రోజులు ఆగితే సరిపోయేది. ఈఎంఐ కట్టేవాణ్ణి ఆగమంటే ఎలా ఆగుతాడు? అతన్నేమీ అనలేకపోయాను. 2004 గుర్తొచ్చింది.

4. గెలిచినవారి కంపెనీ షేరు వెంట పరుగెత్తకండి. అదే వారం చంద్రబాబు గారి కుటుంబ పాల కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్ షేరు 400 ప్రాంతం నుంచి 660కి చేరింది. ఆ వారంలో గేదెలేమీ ఎక్కువ పాలివ్వలేదు.

5. షేర్లంటే జూదం, భూమి అయితే భద్రం అనేవాళ్లకి బందరు పోర్టు చూపిస్తాను. దానికి మూడుసార్లు శంకుస్థాపన జరిగింది: 2008 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి గారు, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు గారు, 2023 మేలో జగన్ గారు. తేదీలు చూడండి. ఒకటి ఎన్నికలకు ఏడాది ముందు, ఇంకొకటి రెండు నెలల ముందు, మూడోది మళ్లీ ఏడాది ముందు. 2008లో పోర్టును నమ్మి నేనూ ఒక వెంచర్‌లో రెండొందల గజాలకి అడ్వాన్సు ఇచ్చాను. కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూస్తే హద్దురాళ్ల మధ్య సర్కారు తుమ్మ నా భుజం ఎత్తున ఉంది. రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నవాడు ఊళ్లో లేడు. షేరైతే నష్టానికైనా ఆ రోజే అమ్ముకోవచ్చు. ఆ గజాల్ని అడిగిన నాథుడు లేడు.

6. దీర్ఘకాలం అంటే ఒకే కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోవడం కాదు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు మాకు ఇంటి మనిషి లాంటిది. 2001లో దాని షేరు పది రూపాయలకి పబ్లిక్ ఇష్యూకి వస్తే, అభిమానంతో కొన్నవాళ్లెందరో. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు వెయ్యి షేర్లకి 325 షేర్లిచ్చారు. దాన్ని ఓట్లు కుంగదీయలేదు, రాని బాకీలు కుంగదీశాయి. ఆ మాటకొస్తే 2008 మార్కెట్ పతనానికీ, ఒక్కరోజులో 13 శాతం పోయిన 2020 మార్చి 23కీ ఏ ఎన్నికలతోనూ పని లేదు.

7. ఇప్పుడు నేను చేసేది చాలా చిన్న పని. మూడేళ్ల ఖర్చులు బ్యాంకు డిపాజిట్‌లో ఉంటాయి. మందులకీ, మనవరాలి ఫీజుకీ అందులోంచే. పైది ప్రతినెలా 5న ఇండెక్స్ ఫండ్‌లోకి పోతుంది. ఓటు మాత్రం పొద్దున్నే, ఎండెక్కకముందే వేసొస్తాను.

8. లెక్కల మాస్టర్ని కదా, ఒక భాగహారం చెప్పి వదిలేస్తాను. 2004లో నేను అమ్మిన సోమవారం సెన్సెక్స్ ముగిసింది 4,505 దగ్గర. 2024లో మా అల్లుడు అమ్మిన మంగళవారం ముగిసింది 72,079 దగ్గర. పదహారు రెట్లు. రెండూ ఏడుపు రోజులే.