సరిహద్దునొద్ద అబ్రాము చెప్పిన మాట

వేదభాగము: ఆదికాండము 12:10–20, 13:1–4

ఈ నెల పాఠమునకు అబ్రాము కరవుచేత ఐగుప్తునకు వెళ్లిన వృత్తాంతమును తీసికొనియున్నాము. దీనిని సండే స్కూలు పిల్లలకు మనము సాధారణముగా చెప్పము. దేవుని పిలుపును గూర్చి చెప్పుదుము, ఆకాశ నక్షత్రములను గూర్చి చెప్పుదుము, మోరీయా పర్వతమును గూర్చి చెప్పుదుము. నడుమనున్న ఈ పదకొండు వచనములను మాత్రము మెల్లగా దాటి పోవుదుము. విశ్వాసులకు తండ్రి యనబడినవాడు అబద్ధము నేర్పెనని పిల్లలతో చెప్పుటకు మనకు సంకోచము. అయినను బిడ్డలు దూరదేశములలోనున్న యిండ్లు మన పల్లెలలోను హెచ్చుచున్నవి గనుక, ఈ భాగమును పెద్దలమే ముందు చదువుకొనుట మంచిదని మాకు తోచినది.

వాక్యమును నిదానముగా చూడుడి. కనానులో కరవు భారముగా నుండగా అబ్రాము బయలుదేరెను. ఇట్లు వెళ్లుటయే అవిశ్వాసమని కొందరు బోధకులు చెప్పుదురు. మేమట్లు తలంచుట లేదు. తరువాతి కాలమున యాకోబు అదే దేశమునకు వెళ్లుచుండగా, భయపడవద్దని దేవుడే చెప్పెను గదా (ఆది. 46:3). కూడు వెదకుకొని పోవుట తప్పు కాదు. తప్పు మొదలైనది 11వ వచనమున, ఐగుప్తులో ప్రవేశించుటకు సమీపించినప్పుడు. అప్పటికి అతనిని ఎవరును ఏమియు అడుగలేదు. ఫరో మనుష్యులు ఇంకను ఎదురుపడలేదు. సరిహద్దు దగ్గరపడగానే అతడు భార్యతో మాటలాడి, తనకు సహోదరినని చెప్పుమని ఆమెకు నేర్పెను. ప్రశ్న రాకమునుపే జవాబు సిద్ధమైనది.

ఇప్పుడు మన కాలపు సరిహద్దునకు వత్తము. అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు యౌవనస్థులలో కొందరు పొరుగుననున్న కెనడా దేశములో శాశ్వత నివాసమునకు అర్జీ పెట్టుకొనుచున్నారు. అమెరికా చట్టము ఉద్యోగమునుబట్టి ఏటేట ఇచ్చు గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని సాధారణముగా నూటికి ఏడుకంటె ఎక్కువ చెందకుండ హద్దు పెట్టినది. మన దేశమునుండి అడుగువారు మిక్కిలి యెక్కువ గనుక ఆ వరుస ఏండ్ల తరబడి సాగుచున్నది. కెనడావారు 2015 జనవరి నుండి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను పద్ధతిని నడుపుచు, వయస్సు, చదువు, భాష, పని అనుభవము వీటికి మార్కులు వేసి మనుష్యులను పిలుచుచున్నారు. అర్జీ అంగీకరింపబడినవానికి శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రము వచ్చును. అయితే పత్రము చేతికి వచ్చినంతమాత్రమున వాడు ఆ దేశ నివాసి కాడు. పత్రముమీద ఒక గడువు తేదీ యుండును. ఇదివరకే కెనడాలో కాపురమున్నవారికి మిగిలిన పని ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా జరుగుచున్నది. వెలుపలనున్నవారు మాత్రము ఆ తేదీలోగా విమానాశ్రయములోనైనను భూమార్గపు సరిహద్దులోనైనను అధికారి యెదుట నిలువవలెను.

అమెరికాలోనున్నవారికి భూమార్గమే సుళువు. సియాటిల్ ప్రాంతమువారు బ్లెయిన్ అను ఊరివైపునకు, బఫెలో ప్రాంతమువారు నయాగరా నదిమీది వంతెనలవైపునకు, డెట్రాయిటువారు విండ్సరువైపునకు కారులో పోవుదురు. బ్లెయిన్‌యొద్ద 1921లో ప్రతిష్ఠింపబడిన పీస్ ఆర్చ్ అను తెల్లని ద్వారము సరిగా రెండు దేశముల నడుమ నిలిచియున్నది. దానిపై కెనడావైపున చెక్కిన మాటలు 133వ కీర్తనను జ్ఞప్తికి తెచ్చును. మన బిడ్డలు అక్కడ ఫోటోలు తీసి పంపుదురు గాని ఆ మాటలను చదివినవారు ఎందరో!

పని జరుగు విధమిది. మొదటి గుమ్మమునొద్ద కారు ఆపి, శాశ్వత నివాసిగా ప్రవేశించుటకు వచ్చితినని చెప్పి పాస్‌పోర్టును పత్రమును చూపవలెను. వారు లోపలి ఇమ్మిగ్రేషను కౌంటరునకు పంపుదురు. అక్కడ పేరు పిలుచువరకు కూర్చుండవలెను. అధికారి పత్రములోని వివరములను సరిచూచి కొన్ని ప్రశ్నలడుగును. నేరమునకు శిక్ష పొందితివా? ఇదివరకు కెనడాలో ప్రవేశము నిరాకరింపబడెనా? ఇందులో వ్రాసినవారుగాక నీమీద ఆధారపడినవారు ఇంకెవరైన నున్నారా? నీ వివాహపు సంగతి ఏమైన మారినదా? జవాబులు విని, సంతకము చేయించి, తన పని ముగించును. అంతటితో వాడు ఆ దేశమున శాశ్వత నివాసి యగును. కార్డు తరువాత తపాలాలో కెనడా చిరునామాకు వచ్చును. 180 దినములలోగా చిరునామా తెలుపనియెడల మరల అర్జీయు రుసుమును తప్పవు. పెక్కుమందికి ఇందులో కష్టమేమియు లేదు. కష్టమంతయు ఆ కడపటి ప్రశ్నలోనే యున్నది.

ఒక చిన్నవాడు అవివాహితుడనని అర్జీ పెట్టెననుకొనుడి. పత్రము వచ్చినది. నడుమ సెలవు దొరికి ఊరికి వచ్చెను. తల్లియు మేనమామయు, "మళ్లీ ఎప్పుడొస్తావో నాయనా, ఈ రాకలోనే పెండ్లి చేసి పంపుతాము" అందురు. మన మందిరములోనే పెండ్లి జరిగినది, విందు జరిగినది. పది దినములకు వాడు తిరిగి వెళ్లెను. పిల్ల అత్తవారింట నున్నది. ఇప్పుడు వాడు బ్లెయిన్‌యొద్ద కౌంటరు ముందు నిలిచియున్నాడు. పత్రములో అవివాహితుడని యున్నది. తల ఊపినయెడల పని ముగియును. ఉన్నమాట చెప్పినయెడల ఆ దినము పని ముగియకపోవచ్చును. ఏజెంటు ముందే ఫోనులో చెప్పియున్నాడు: "పేపర్లో ఉన్నదే చెప్పు. భార్యను తర్వాత పిలిపించుకోవచ్చు."

ఆ రెండవ మాటయే పెద్ద మోసము. కెనడా వలస చట్టము 2001లో చేయబడి 2002 జూన్ 28 నుండి అమలులోనున్నది. దాని క్రింది నియమములలో 117వది ఏమి చెప్పుచున్నదనగా, ఒకడు శాశ్వత నివాసి యగునప్పటికే అతనికి భార్యయైనను బిడ్డయైనను ఉండి, అధికారులు వారిని పరీక్షింపకపోయినయెడల, తరువాత కుటుంబపు తరగతిలో వారిని పిలిపించుకొనుటకు సాధారణముగా వీలు లేదు. కనికరింపుమని ప్రత్యేక విన్నపము పెట్టుకొనుట ఒకటే మిగులును. అది దొరకునని చెప్పగలవారు లేరు. అనగా కౌంటరునొద్ద ఒక్క మాటతో వాడు తన భార్యను వెలుపల విడిచి తలుపు మూసికొన్నట్లే. ఇంకను వినుడి. 51వ నియమముచొప్పున, పత్రము వచ్చిన తరువాత వివాహము జరిగియున్నయెడల ప్రవేశించునప్పుడు తానే ఆ సంగతి చెప్పవలెను. ముఖ్య సంగతి దాచెనని తేలినయెడల చట్టము 40వ విభాగముచొప్పున అయిదేండ్లు ఆ దేశమునకు అనర్హుడగును, పొందిన నివాసమును పోవచ్చును. ఏజెంటునకు డబ్బిచ్చితిమనుట అక్కడ జవాబు కానేరదు. సంతకము చేసినది చిన్నవాడే.

పెండ్లి యైన దినము ఏదను విషయమునను మనవారు పొరబడుచున్నారు. కొందరు వీసా తొందరనుబట్టి రిజిస్ట్రారు ఆఫీసులో ముందు సంతకములు చేసి, మందిరములో ఆశీర్వాదమును కొన్ని నెలల తరువాత పెట్టుకొందురు. వారి మనస్సులో ఇంకను పెండ్లి కాలేదు, అమ్మాయి పుట్టింటనే యున్నది. చట్టమునకు మాత్రము సంతకము చేసిన దినమే వారు భార్యాభర్తలు. ప్రధానము జరిగినంతమాత్రమున వివాహము కాదు. బిడ్డల సంగతియు ఇట్లే. అర్జీ పెట్టిన తరువాత పుట్టిన పసిబిడ్డను, పేరైన పెట్టకమునుపే, తెలుపవలెను.

"మేము అబద్ధము చెప్పలేదండి, అర్జీ పెట్టిననాడు వాడు పెండ్లికానివాడే" అనువారు కలరు. వారు ఆది. 20వ అధ్యాయము చదువవలెను. గెరారులో అబ్రాహాము అదే మాట మరల చెప్పి పట్టుబడినప్పుడు, ఆమె నిజముగా నా సహోదరియే, నా తండ్రి కుమార్తె గాని తల్లి కుమార్తె కాదని అబీమెలెకుతో విన్నవించుకొనెను (12వ వచనము). మాట నిజమే. అయితే రాజు తెలిసికొనగోరినది తండ్రి యెవరన్నది కాదు, భర్త యెవరన్నది. నిజమైన మాటతోనే ఎదుటివానిని మోసపుచ్చవచ్చునని ఆ వచనము చూపుచున్నది. 13వ వచనము మరింత బాధాకరము: మనము పోవు ప్రతి స్థలమందును ఇట్లే చెప్పుమని ఆమెను ముందే కోరియుండెనట. ఇస్సాకు పెద్దవాడై రిబ్కానుగూర్చి అదే గెరారులో అదే మాట పలికెను (26:7). తండ్రి ఆచారము కుమారునికి స్వాస్థ్యముగా వచ్చినది.

ఒక సంగతి దాచకూడదు. ఐగుప్తులో అబ్రామునకు ఆ అబద్ధము లాభించినది. గొఱ్ఱెలు, ఎడ్లు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీలు దొరికిరి (12:16). అవి పోగొట్టుకొనినట్లు వాక్యము చెప్పదు, కలిగినదంతటితో సాగనంపబడెను. దెబ్బ తగిలినది ఫరో యింటికి. నీవు నాకెందుకు తెలుపలేదని ఆ అన్యరాజు అడిగెను. దేవుని స్నేహితుడు ఒక్క జవాబైన చెప్పినట్లు వ్రాయబడలేదు. ఈనాడును కొందరు దాచి దాటుదురు, బాగుపడినట్లు కనబడుదురు. వారిని చూపి మన బిడ్డలకు అదే దారి చెప్పువారున్నారు. మన ప్రాంతపు చిన్నవాడొకడు పట్టుబడిన తరువాత అదే జిల్లా పేరుతో వచ్చిన మరియొక అర్జీని ఆ అధికారి ఏ కన్నుతో చూచునో ఆలోచింపుడి.

చేయవలసినదేమనగా, పెండ్లి జరిగియున్నయెడల ప్రయాణము కట్టకమునుపే వీసా ఆఫీసునకు వ్రాసి భార్య పేరు చేర్చమని కోరవలెను. ఆమెకును వైద్యపరీక్షయు పోలీసు సర్టిఫికెట్టును అడుగుదురు. నెలలు గడచును, మార్కుల లెక్కయు మారవచ్చును. నిజము చెప్పుటకు ఖర్చు లేదని మేము చెప్పము. పెండ్లి ఇంకను జరుగనియెడల మరియొక మార్గమున్నది. తేదీ పెట్టకమునుపే, కళ్యాణమండపమునకు బయానా ఇయ్యకమునుపే, పెద్దలు చిన్నవానిని అడుగవలెను: నీ కాగితములు ఎంతవరకు వచ్చినవి? అతడు నిజముగా అవివాహితుడై ప్రవేశించి, తరువాత వచ్చి పెండ్లి చేసికొన్నయెడల, భార్యను పిలిపించుకొనుటకు అర్జీ పెట్టు దారి తెరచియే యుండును. ఈ ఒక్క ప్రశ్న అడుగనందున ఇండ్లు ఏండ్ల తరబడి చీలియుండవచ్చును. పిల్ల తలిదండ్రులు కూడ దీనిని అడుగుటకు సిగ్గుపడకూడదు. వరుని జీతము అడుగుచున్నారు గదా!

పెండ్లి యైన తరువాత, "అయ్యగారూ, సర్టిఫికెట్టులో తేదీ మూడు నెలలు ముందుకు జరిపి రాసి ఇవ్వండి" అని పాదిరులను అడుగువారున్నారు. మమ్మును అడిగిరి. అడిగినవారు చెడ్డవారు కారు, తొందరలోనున్నవారు. అయితే 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము 75వ విభాగముచొప్పున, వివాహ రిజిస్టరులో తెలిసి తప్పుడు నమోదు చేయువానికి ఏడు సంవత్సరములవరకు ఖైదును జరిమానాయు విధింపవచ్చును. ఆ పుటమీద వధూవరులును సాక్షులును దేవుని యెదుట చేవ్రాలు చేసియున్నారు. వీసా ఆఫీసునకు ఉత్తరము వ్రాయుటకు ఎన్ని గంటలైనను వారితో కూర్చుందుము గాని, ఆ పుటమీద కలము పెట్టము.

మిగిలిన ప్రశ్నలు తేలికయైనవి. పదివేల కెనడా డాలర్లు గాని అంతకు మించి గాని వెంట తెచ్చుట నేరము కాదు, చెప్పకపోవుట నేరము. తెచ్చిన సామానునకును తరువాత తెప్పించుకొనబోవు సామానునకును జాబితా వ్రాసి ఇయ్యవలెను. బంగారపు నగలు కూడ అందులో చేరవలెను. ప్రవేశించి వెంటనే అమెరికా ఉద్యోగమునకు తిరిగి పోవువారు తిరుగు వీసా సంగతి ముందే చూచుకొనవలెను. అయిదేండ్లలో 730 దినములు కెనడాలో నివసింపవలెనను నియమమును మరువరాదు.

అబ్రాము ఐగుప్తులో బలిపీఠము కట్టినట్లు వ్రాయబడలేదు. బేతేలునకును హాయికిని మధ్య తాను మొదట కట్టిన బలిపీఠమునొద్దకు తిరిగి వచ్చి అక్కడనే యెహోవా నామమున ప్రార్థన చేసెను (13:3, 4). ఈ వచనములన్నిటిలో శారయి పలికిన మాట ఒక్కటియు లేదు. ఆమెను కొనిపోయిరి, తిరిగి అప్పగించిరి. నడుమ ఆమె ఏమి తలంచెనో మనకు తెలుపబడలేదు. స్త్రీల సమాజమువారు ఈ నెల కూటములలో 20, 26 అధ్యాయములను కూడ చదివి, ఆ యింటిలో శారయి గడిపిన దినములను గూర్చి మాటలాడుకొనవలెనని కోరుచున్నాము. పెండ్లి మాటలు నడుచుచున్న యిండ్లవారు చిన్నవాని కాగితముల సంగతి కనుగొని ఆ కూటమునకు రావలెను.