వెనుకబడిన 140 అధ్యాయాలు: మన్నా మనకు నేర్పే పాఠం



ఈ వారం పాఠం ముఖ్యంగా 40, 50 ఏళ్ల వయసులో ఉన్న మన అమ్మానాన్నల కోసం, అక్కలు అన్నల కోసం. నాకు ఇంకా 30 నిండలేదు. "నీకేం తెలుసు మా కష్టం?" అని మీరు అడగొచ్చు. నిజమే, తెలియదు. తెలియక నేను చేసిన ఒక తప్పు గురించే ఈ రోజు చెప్తున్నాను.

మాది జడ్చర్ల. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం బస్సుకి ఇంటికి వస్తాను. పోయిన జనవరిలో, సంవత్సరంలో బైబిల్ మొత్తం చదవాలని అమ్మకి ఒక ఎక్సెల్ షీట్ చేసి ఫోన్‌లో పెట్టాను. బైబిల్లో 1189 అధ్యాయాలు ఉన్నాయి. 365 రోజులకి పంచితే రోజుకి మూడు పైచిలుకు. చదివిన రోజు డబ్బా పచ్చగా మారుతుంది, చదవకపోతే ఎర్రగా మారుతుంది. పైన "వెనుకబడిన అధ్యాయాలు" అని ఒక లెక్క. చాలా మంచి పని చేశాననుకున్నాను.

అమ్మకి 47 ఏళ్లు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. పొద్దున నాలుగున్నరకి లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, షిఫ్ట్ బస్సు ఎక్కుతుంది. నాన్న బాదేపల్లి గంజ్‌లో గుమాస్తా. పంట వచ్చే రోజుల్లో ఆయన ఇంటికి ఎప్పుడొస్తారో చెప్పలేం. నాయనమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. తినిపించడం, స్నానం, బట్టలు మార్చడం అన్నీ అమ్మే. వీటి మధ్యలో నా షీట్ ఒకటి.

మార్చి మధ్యలో ఒక ఆదివారం స్త్రీల కూడికలో అమ్మని ప్రార్థన చేయమన్నారు. చేయనంది. ఎప్పుడూ అలా అనదు. ఇంటికొచ్చాక అడిగితే ఇలా చెప్పింది: "అద్దు బిడ్డా, నేను సదువుతలేను. గా ఎర్ర డబ్బాలు జూస్తే గుండె దడదడ అంటది. సదవని దాన్ని, ఏం మొఖం వెట్టుకొని నలుగురి ముందట ప్రార్థన జేయాలె?"

షీట్ తెరిచి చూశాను. వెనుకబడిన అధ్యాయాలు: 140. లేవీయకాండము 10 దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచి బైబిల్ తెరవనే లేదు. ఆదికాండము 50, నిర్గమకాండము 40, లేవీయకాండము 10. అంటే అంత పని మధ్యలో కూడా అమ్మ సరిగ్గా 100 అధ్యాయాలు చదివింది. నా షీట్‌లో ఆ 100కి చోటే లేదు, 140 మాత్రమే కనబడుతోంది. ఆ రాత్రి చాలా సిగ్గేసింది.

ఇలాంటి పట్టికలు కొత్తవి కావు. 1842లో స్కాట్లాండ్‌లోని డండీలో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే పాస్టరు తన సంఘం కోసం ఒకటి తయారుచేశారు. ఈనాటికీ చాలామంది దాన్ని వాడుతున్నారు. అప్పటికి ఆయనకి 30 ఏళ్లు కూడా నిండలేదు, పెళ్లి కాలేదు. కానీ నేను చేయని పని ఒకటి ఆయన చేశారు. పట్టికతో పాటు దాని ప్రమాదాలు కూడా రాశారు: చదవడం ఒక ఆచారంగా మారవచ్చు, స్వనీతి రావచ్చు, అజాగ్రత్తగా చదివేయవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. మా అమ్మ మెడ మీద నేను పెట్టింది ఆ నాలుగోదే.

ఇప్పుడు నిర్గమకాండము 16వ అధ్యాయం చూద్దాం. ఇశ్రాయేలీయులు మన్నా ఏరుకున్నప్పుడు కొందరు ఎక్కువ, కొందరు తక్కువ ఏరుకున్నారు. ఓమెరుతో కొలిస్తే ఎక్కువ ఏరినవానికి మిగల్లేదు, తక్కువ ఏరినవానికి తక్కువ కాలేదు (18వ వచనం). ఏ రోజుది ఆ రోజుకే. ఎండ ఎక్కితే నేల మీద మిగిలింది కరిగిపోయేది (21వ వచనం). కరిగిపోయినదాన్ని మర్నాడు రెండింతలు ఏరి బాకీ తీర్చమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. మర్నాడు కొత్త మన్నా ఉండేది, అంతే.

ప్రియమైన వారలారా, వాక్యం అప్పు కాదు, ఆహారం. నిన్న అన్నం తినలేదని ఈ రోజు రెండు రోజుల అన్నం తినం కదా. ఆకలితో కూర్చుని ఈ రోజుది తింటాం.

అయితే ఇది బద్ధకానికి సాకు కాకూడదు. మన్నా ఆకాశం నుంచి వచ్చినా, లేచి బయటకి వెళ్లి వంగి ఏరుకోవాల్సిందే. ఆరో రోజున ముందుగానే రెండింతలు ఏరుకున్నారు కూడా. అంటే ముందుచూపు తప్పు కాదు. తప్పల్లా పాత బాకీని మోయడంలో ఉంది.

ఆ షీట్ తీసేశాను. అమ్మకి క్షమాపణ చెప్పాను. తర్వాత ఇద్దరం కలిసి ఇలా అనుకున్నాం. మీకూ ఉపయోగపడొచ్చు.

1. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒకటి చదివితే 52 వారాల్లో పూర్తవుతుంది. రెండు రోజులు వదిలిపెట్టినా పర్వాలేదు. అదీ కుదరకపోతే పది వచనాలు చాలు.

2. తప్పిన రోజుని వదిలేయండి. ఈ రోజు భాగం దగ్గరే మొదలుపెట్టండి.

3. ద్వితీయోపదేశకాండము 6:7 ప్రకారం వాక్యం గురించి మాట్లాడాల్సింది ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అంటే మన రోజు మధ్యలోనే. అమ్మ షిఫ్ట్ బస్సులో ఫోన్‌లో ఆడియో బైబిల్ వింటుంది.

4. వారం సెలవు రోజున ఒక అరగంట నోట్‌బుక్‌తో కూర్చోండి. ఈ భాగంలో దేవుని గురించి ఏముంది, నా గురించి ఏముంది, ఈ వారం నేనేం చేయాలి అని మూడు ప్రశ్నలు రాసుకోండి. మిగతా రోజులు చదవడం, ఆ రోజు అధ్యయనం.

ఇంట్లో నా వయసు పిల్లలు ఉంటే ఒక మాట. అమ్మ చదవట్లేదని లెక్క చూసే ముందు, ఆ గిన్నెలు మనం కడిగితే ఆమెకి ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఈ మధ్య ఊరికి వచ్చినప్పుడల్లా నాయనమ్మ పని నేను చూస్తున్నాను.

ఇప్పటికీ అమ్మకి కొన్ని రోజులు తప్పుతాయి. కానీ రాత్రి నాయనమ్మకి జావ తాగించాక, మంచం పక్కన కూర్చుని మార్కు సువార్త పైకి చదువుతుంది. నాయనమ్మకి మాట సరిగ్గా రాదు. "ఆమెన్" అనే చోట మాత్రం పెదవులు కదులుతాయి. పోయిన నెల కూడికలో అమ్మే ముందుగా లేచి ప్రార్థన చేసింది.

చిన్న ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, అలసిపోయిన మా అమ్మానాన్నలకి ఈ రోజుకి కావలసిన వాక్యం ఈ రోజే దయచేయండి. నిన్నటి బాకీ భయం తీసివేయండి. యేసు నామమున, ఆమెన్.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలని దీవించును గాక.