ప్యాకెట్ పాన్‌కేక్‌కి ఇంటి రుచి
(వంటింట్లో సైన్స్)



ఆదివారం పొద్దున్నే పాన్‌కేక్ కావాలని పిల్లలు అడగడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. ప్యాకెట్ విప్పి, నీళ్లు కలిపి పెనం మీద పోస్తే పది నిమిషాల పని. కానీ అలా చేసినవి తరచూ చప్పగా, పిండి పిండిగా ఉంటాయి. ఆ లోటు తీరడానికి పిల్లలు సిరప్ మీద సిరప్ పోసుకుంటారు. పిండిలోనే రుచి ఉంటే అంత తీపి అవసరం ఉండదు.

లోటు ఎక్కడుంది?

మన దోసెల పిండి రాత్రంతా పులుస్తుంది. పొంగు, పులుపు రెండూ ఆ సమయమే ఇస్తుంది. పాన్‌కేక్ మిక్స్‌కు అంత సమయం ఉండదు. అందులోని తినే సోడా లేదా బేకింగ్ పౌడర్ పొంగిస్తుంది, కానీ పులిసిన రుచిని ఇవ్వదు. దాన్ని మనమే చేర్చాలి.

ఇలా చేసి చూడండి

1. ముందు లేబుల్ చదవండి. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మైదా తర్వాత వెంటనే చక్కెర కనిపిస్తే, పైన ఇక తీపి వద్దు.

2. నీళ్లకు బదులు చిక్కటి మజ్జిగ పోయండి. కప్పు మిక్స్‌కు చిటికెడు తినే సోడా చాలు. ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది.

3. కప్పుకు ఒక టేబుల్ స్పూను కరిగించిన వెన్న లేదా నెయ్యి, కాస్త యాలకుల పొడి కలపండి. గుడ్డు తినేవారు ఒకటి కొట్టి వేసి, మజ్జిగ కొంచెం తగ్గించండి.

4. ఎక్కువగా గిలకొట్టవద్దు. మైదాను ఎంత కలిపితే అందులోని గ్లూటెన్ అంత సాగి, పాన్‌కేక్ రబ్బరులా తయారవుతుంది. చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్వాలేదు.

5. ఐదు నుంచి పది నిమిషాలు పక్కన పెట్టండి. గంటలకొద్దీ ఉంచితే గాలి బుడగలు పోయి పిండి చతికిలపడుతుంది.

6. మధ్యస్థంగా ఉన్న మంట మీద కాల్చండి. పైన బుడగలు పగిలి, అంచులు ఆరాక ఒక్కసారే తిప్పండి. అట్లకాడతో నొక్కవద్దు.

తీపి కోసం మగ్గిన అరటిపండు ముక్కలు లేదా పలుచటి బెల్లం పాకం సరిపోతాయి. కొన్ని 'పాన్‌కేక్ సిరప్' సీసాల్లో ఉండేది మేపుల్ కాదు, ఆ వాసన కలిపిన చక్కెర పాకం. కొనేముందు వాటి లేబుల్ కూడా చూడండి.

టిఫిన్ బాక్సులో పెట్టేటప్పుడు పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా మూత పెడితే ఆవిరి పట్టి తడిసిపోతాయి.

మీ పిల్లలతో ఒక ప్రయోగం

రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, మరోదాంట్లో పుల్లటి మజ్జిగ పోయండి. రెంటిలోనూ పావు టీస్పూను చొప్పున తినే సోడా వేయించండి. మజ్జిగ నురగలు కక్కుతుంది, నీళ్లలో అలా జరగదు. మజ్జిగలోని ఆమ్లం, సోడా కలిసి కార్బన్ డయాక్సైడ్ విడుదల కావడమే కారణం. పాన్‌కేక్‌ను గుల్లగా చేసేది కూడా ఈ వాయువే. ఆమ్లాలు, క్షారాల పాఠం చదివే పిల్లలను కారణం ముందుగా అడగండి, తర్వాతే మీరు చెప్పండి. ప్రయోగం చేసిన మజ్జిగను మాత్రం పారబోయండి.

కొలతలు పిల్లల చేతే వేయించండి. కప్పుకు ఇంత అయితే కప్పున్నరకు ఎంత అని అడిగితే, భిన్నాల లెక్క కూడా అక్కడే అయిపోతుంది.