వెబ్ పుటలో గుర్తులు, ఆదేశములు

హెచ్.టి.ఎమ్.ఎల్. గుర్తుల భాష. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని వ్రాతకు గుర్తులు పెట్టుటయే దాని పని. టిమ్ బెర్నర్స్ లీ సెర్న్ పరిశోధనాలయములో దీనిని రూపొందించిన తొలినాళ్ల పుటలు వ్రాసినవి వ్రాసినట్లే నిలిచియుండెడివి. అడిగినవారిని బట్టి మారు పుటలు కావలసి వచ్చినప్పుడు ప్రోగ్రాము అవసరమైనది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో వెలువరించిన పి.హెచ్.పి. ఆదేశములను గుర్తుల నడుమనే వ్రాయు వీలు కల్పించినది. నేర్చుట సులభము గనుక త్వరలోనే వ్యాపించినది.

ఈ కలగలుపు మంచిదేనా? కంప్యూటరు శాస్త్రము మా పాఠ్యవిషయము కాదు. అయినను ఒక అనుభవము మమ్ము ఆలోచింపజేసినది. ఉపకారవేతనముల ప్రకటన పుటలో ఒక అక్షరదోషమును దిద్దబోయితిమి. ఆ తెలుగు వాక్యము పి.హెచ్.పి. ఆదేశము లోపల, కొటేషన్ గుర్తుల నడుమ ఉండెను. దోషముతో పాటు ఒక గుర్తు కూడ చెరిగినది. పుట అంతయు తెల్లబడినది! దరఖాస్తులకు అదే తుది దినము. సాయంత్రము వరకు విద్యార్థులు ఖాళీ పుటనే చూచిరి. భాష దిద్దువాని చేతిలో యంత్రము ఆగిపోవు ఏర్పాటు మంచిది కాదని ఆనాడు గ్రహించితిమి.

అంతమాత్రమున గుర్తుల నడుమ ఒక్క ఆదేశమైనను ఉండరాదనుట ఛాందసమే. 20 మంది పేర్ల పట్టికకు "ప్రతి పేరుకు ఒక వరుస" అను ఆవృత్తి పుటలో ఉండక తప్పదు. ఎవరు అర్హులో నిర్ణయించుట, డేటాబేసు నుండి వివరములు తెచ్చుట మాత్రము అంతకు ముందే, వేరొకచోట ముగియవలెను. 2013లో వెలువడిన రియాక్ట్‌లో గుర్తులు ప్రోగ్రాము లోపలనే వ్రాయబడును. ఒక అంగమునకు చెందినవే ఒకచోట చేరును గనుక దానిని అస్తవ్యస్తమనలేము. వేరుచేయవలసినది పనులను, ఫైళ్లను విడదీసినంతనే అది సిద్ధింపదు.

విద్యార్థి నింపిన పేరును పుటలో చేర్చునప్పుడు అందలి కోణపు గుర్తులను నిర్వీర్యము చేయవలెను. లేనిచో పేరు స్థానమున ఎవరో వ్రాసిన స్క్రిప్టు చూచువారి బ్రౌజరులో నడచును. చేతితో కలిపి వ్రాయునప్పుడు ఈ జాగ్రత్తను ఎక్కడనో ఒకచోట మరచుట సహజము. ట్విగ్ వంటి టెంప్లేటు సాధనములు దానిని తామే చేయును.

మన కళాశాల వారు గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును. ఈ దిశను అలంకరణగా భావించి సి.ఎస్.ఎస్.కు అప్పగించువారు కలరు. అది పొరపాటు. రంగు వలె దిశ పైపూత కాదు, వ్రాతలో భాగము. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సలహా కూడ దానిని గుర్తులలోనే చెప్పుమనియే. అప్పుడు అలంకరణ ఫైలు అందకపోయినను ఉర్దూ వాక్యము సరిగా నిలుచును.

ఆ ప్రకటన పుటలోని తెలుగు, ఉర్దూ వాక్యములు ఇప్పుడు ఆదేశము ఒక్కటియు లేని వేరొక ఫైలులో నున్నవి. దిద్దుటకు మేము మరల సాహసించుచున్నాము.