బెల్టు కొనే ముందు పది లెక్కపెట్టండి



ఈ నెల పాఠం బెల్టు గురించి అంటే మీకు నవ్వు రావచ్చు. బెల్టుకు కూడా పాఠమా అని మా స్టాఫ్ రూములోనూ నవ్వారు. కానీ నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఒక బెల్టే నాకు పాఠం చెప్పింది. ముందు అది చెప్పి తర్వాత అసలు విషయంలోకి వస్తాను.

అప్పుడు నేను రెండో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఒక బాబు వరుసగా మూడు రోజులు బెల్టు లేకుండా వచ్చాడు. 'రేపటి నుంచి బెల్టు లేకుండా పంపవద్దు' అని డైరీలో ఎర్ర పెన్నుతో రాశాను. మర్నాడే కొత్త బెల్టుతో వచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత వాళ్లమ్మగారు గేటు దగ్గర కలిశారు. "మేడమ్, బాటిల్ నింపింది నింపినట్టే తిరిగొస్తోందండి. ఇంటికి రాగానే మాత్రం గటగటా రెండు గ్లాసులు తాగేస్తాడు. స్కూల్లో కాస్త తాగించండి" అన్నారు. మర్నాటి నుంచి పక్కన నిలబడి మరీ తాగించాను. నాలుగో రోజు లంచ్ తర్వాత బాబు క్లాసులోనే ప్యాంటు తడుపుకున్నాడు. పిల్లలు నవ్వారు. పక్కకు తీసుకెళ్లి అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి ఒక్క మాట అన్నాడు: "బెల్టు రాదు మిస్."

చూస్తే అది పెద్దవాళ్ల లెదర్ బెల్టు. పొడవు కోయించి, కొత్తగా రంధ్రం పెట్టించారు. రంధ్రం చిన్నది, బకిల్ ముల్లు లావు. నేను రెండు చేతులతో లాగితే గానీ ఊడలేదు. ఆ చిన్న వేళ్లకు ఎలా వస్తుంది? ఆయమ్మను అడగడానికి సిగ్గు. అందుకని వాడికి వాడే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. నీళ్లు తాగకపోతే టాయిలెట్‌కి వెళ్లే పనే ఉండదు! తెలియక ఆ ఉపాయాన్ని చెడగొట్టింది నేను. "మీరు రాసిన రిమార్కు చూసి, ఆ రాత్రి దొరికిన బెల్టే కొన్నామండి" అన్నారు వాళ్ల నాన్నగారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

అప్పటి నుంచి బెల్టు అంటే రంగు, ధర కంటే ముందు నాకు గుర్తొచ్చేది ఒకటే: పెట్టుకున్నవాళ్లు దాన్ని సులువుగా తీయగలరా?

1. పిల్లల బెల్టు: పది అంకెల పరీక్ష

షాపులోనే పరీక్ష పెట్టండి. మీ బాబుకో పాపకో బెల్టు పెట్టి, "నువ్వే తియ్యి" అని చెప్పి మెల్లగా ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి. పదిలోపు తీయగలగాలి. మళ్లీ పదిలోపు పెట్టుకోగలగాలి. ఇంటికి వచ్చాక తడి చేతులతో ఒకసారి చేయించండి. ఎందుకంటే టాయిలెట్ నుంచి చేతులు కడుక్కుని వచ్చి పెట్టుకునేది తడి చేతులతోనే.

చిన్న తరగతుల పిల్లలకు సాగే ఎలాస్టిక్ పట్టీ, ముందు భాగంలో ఒక కొక్కెం లేదా క్లిప్ ఉన్న బెల్టు సులువు. సాధారణంగా నాలుగైదు తరగతులకు వచ్చేసరికి ముల్లు ఉన్న బకిల్ అలవాటవుతుంది. అప్పుడు కూడా కొత్త లెదర్ బెల్టును నేరుగా స్కూలుకు పంపకండి. సెలవు రోజున ఇంట్లో నాలుగైదు సార్లు పెట్టి తీయిస్తే రంధ్రాలు కాస్త వదులవుతాయి, పిల్లలకూ ధైర్యం వస్తుంది.

"వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అని మరీ పొడుగు బెల్టు కొనడం మనందరికీ అలవాటే. కానీ మిగిలిన కొస వేలాడుతూ బెంచీకి తగులుకుంటుంది, ఆటల్లో పక్కవాళ్లు పట్టుకుని లాగుతారు. ఒకటి రెండు రంధ్రాలు మిగిలేంత పొడవు చాలు.

ఆరు, ఏడు తరగతులకు వచ్చిన ఆడపిల్లల అమ్మలకు ఒక మాట. నెలసరి రోజుల్లో పొట్ట బిగిసినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో బెల్టు వదులు చేసుకోవచ్చని, ఇబ్బందిగా ఉంటే మిస్‌కి చెప్పి తీసేయవచ్చని మీరే ముందుగా పాపకు చెప్పండి. చాలామంది అడగడానికి మొహమాటపడి రోజంతా అలాగే కూర్చుంటారు.

2. కొలత: ప్యాంటు సైజు వేరు, బెల్టు సైజు వేరు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ప్యాంటు సైజు 34 అయితే బెల్టు కూడా 34 అడుగుతారు. బెల్టు ప్యాంటు పైనుంచి, లోపల దోపిన చొక్కాతో కలిపి చుట్టుకోవాలి కాబట్టి 2 అంగుళాలు ఎక్కువ కావాలి. అంటే 34 ప్యాంటుకు 36 బెల్టు.

ఇంతకీ 36 అంటే ఏమిటి? బెల్టు మొత్తం పొడవు కాదు. సాధారణంగా బెల్టుకు 5 రంధ్రాలు ఉంటాయి. ముల్లు మొదలయ్యే చోటు నుంచి మధ్య రంధ్రం, అంటే మూడోది, ఎంత దూరంలో ఉందో అదే సైజు. రంధ్రాల మధ్య దూరం అంగుళం ఉంటే 36 సైజు బెల్టు 34 నుంచి 38 వరకు సరిపోతుంది. మధ్య రంధ్రంలో పెట్టుకునేలా కొంటే బరువు తగ్గినా పెరిగినా రెండువైపులా వీలుంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇంట్లో సరిపోతున్న పాత బెల్టును నేల మీద పరిచి, ముల్లు మొదలు నుంచి మీరు వాడుతున్న రంధ్రం వరకు టేపుతో కొలవండి. ఆ కొలతే ఆర్డర్ చేయండి. సైజు సెంటీమీటర్లలో ఇస్తే అంగుళాలను 2.54తో గుణించండి. పెట్టుకున్నాక కొస మొదటి లూప్ దాటి ఆగితే అందం. వెనక దాకా వెళ్తే బెల్టు పెద్దదైనట్టు.

3. లెదర్ అని రాసి ఉంటే చాలదు

'జెన్యూన్ లెదర్' అన్న ముద్ర చూడగానే మంచి రకం అనుకుంటాం. ఆ ముద్ర అది తోలు అని మాత్రమే చెబుతుంది, ఎంత నాణ్యమైన తోలో చెప్పదు. తోలు పై పొరను చెక్కకుండా అలాగే వాడినది 'ఫుల్ గ్రెయిన్'. ఇది గట్టిది, ఖరీదు ఎక్కువ, ఏళ్ల తరబడి వస్తుంది. పై పొరను కొంచెం సాపు చేసినది 'టాప్ గ్రెయిన్'. తోలు ముక్కలను పొడి చేసి, జిగురుతో కలిపి, పైన ప్లాస్టిక్ పూత వేసినది 'బాండెడ్ లెదర్'. కొత్తలో నిగనిగలాడుతుంది. కొన్నాళ్లకు రంధ్రాల చుట్టూ పొరలు పొరలుగా లేస్తుంది. మనం రెక్సిన్ అనేది అసలు తోలే కాదు, గుడ్డ మీద వేసిన పూత.

షాపులో తేడా తెలుసుకోవాలంటే మూడు చోట్ల చూడండి. అంచు చూడండి: పొరలు అతికించినట్టు ఉందా, ఒకే ముక్కలా ఉందా? వెనక్కి తిప్పండి: లోపలివైపు పీచుగా ఉంటే తోలు, గుడ్డ నేత కనిపిస్తే రెక్సిన్. కొన్నిటికి లోపల అస్తరు వేస్తారు కాబట్టి ఇది ఒక్కటే చూసి నిర్ణయించకండి. తర్వాత కాస్త వంచి చూడండి: తోలు ముడతపడి మళ్లీ సర్దుకుంటుంది, నాసిరకం పూత గీతలా పగులుతుంది.

ఎదిగే పిల్లలకు మాత్రం ఖరీదైన తోలు అవసరం లేదు. ఏడాదిలో సైజు మారిపోతుంది. ఉతకడానికి వీలైన ఎలాస్టిక్ లేదా కాన్వాస్ బెల్టు చాలు.

4. నాన్నల బీరువాకు రెండు బెల్టులు

ఆఫీసు ప్యాంటుకు 3 నుంచి 3.5 సెంటీమీటర్ల వెడల్పు, నున్నని తోలు, చిన్న బకిల్. జీన్స్‌కు దాదాపు 4 సెంటీమీటర్ల వెడల్పు, కాస్త మందం. కొనే ముందు ప్యాంటు లూప్స్ చూసుకోండి. పెద్ద లూపులో సన్న బెల్టు పైకీ కిందికీ జారుతుంది. చిన్న లూపులోకి వెడల్పు బెల్టు అసలు దూరదు.

రంగుకు పాత సూత్రమే మేలు: బూట్లు ఏ రంగో బెల్టు ఆ రంగు. నలుపొకటి, గోధుమరంగుదొకటి ఉంటే పెళ్లికైనా ఇంటర్వ్యూకైనా సరిపోతాయి. ఒకటే కొనాలనుకుంటే బకిల్ తిరిగే రివర్సిబుల్ బెల్టు ఉంది, ఒకవైపు నలుపు, ఇంకోవైపు బ్రౌన్. చవక రకాల్లో ఆ తిరిగే కీలే ముందు వదులవుతుంది. షాపులోనే పదిసార్లు తిప్పి చూడండి.

భోజనానికి ముందొక సైజు, తర్వాతొక సైజు ఉండే వారికి రంధ్రాలు లేని ఆటో లాక్ బెల్టు సుఖం. కొంచెం కొంచెంగా బిగించుకోవచ్చు, మీట నొక్కితే వదులవుతుంది. బైకు నడిపేవారు పెద్ద ఇనుప బకిల్ జోలికి వెళ్లకండి. వంగినప్పుడల్లా పెట్రోల్ ట్యాంకు మీద గీతలు, పొట్టకు నొక్కుడు. అమ్మలు చీర మీద పెట్టుకునే ఫ్యాన్సీ బెల్టులకు, వడ్డాణాలకు కూడా ఒకటే పరీక్ష: షాపులో నిలబడి కాదు, కూర్చుని చూసుకోండి.

5. ఒంటికి పడుతుందా?

బెల్టు పెట్టుకున్నాక లోపల రెండు వేళ్లు సులువుగా దూరాలి. మరీ బిగిస్తే తిన్నది పైకి తన్నినట్టు మంట రావచ్చు. ఎక్కువ కాలం బిగుతుగా పెట్టుకునేవారిలో కొందరికి తొడ బయటివైపు తిమ్మిరి వస్తుంది. అక్కడికి వెళ్లే నరం నడుము దగ్గర నొక్కుకుపోవడమే కారణం.

బొడ్డు కింద దురద, నల్లటి మచ్చ కనిపిస్తే బకిల్‌ని అనుమానించండి. చాలా బకిల్స్‌లో నికెల్ ఉంటుంది, అది కొందరి చర్మానికి పడదు. చొక్కా లోపలికి దోపి లోహం ఒంటికి తగలకుండా చూడండి. తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి. ఇంకొక్క జాగ్రత్త: చిన్నపిల్లలు బెల్టును మెడకు చుట్టుకుని ఆడుతుంటే వెంటనే ఆపండి.

6. ఎక్కువ కాలం రావాలంటే

ప్యాంటుకే వదిలేయకుండా తీసి కొక్కేనికి వేలాడదీయండి, లేదా వదులుగా చుట్టి పెట్టండి. తోలు తడిస్తే ఎండలో కాదు, నీడలో ఆరబెట్టండి. వానాకాలంలో బూజు పట్టకుండా అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడవండి. ఎలాస్టిక్ బెల్టును సబ్బునీళ్లలో చేత్తో ఉతికి, క్లిప్ తుప్పు పట్టకుండా వెంటనే తుడవండి.

ఇంటి పాఠం

ఈ ఆదివారం పిల్లలకు టేపు ఇచ్చి ఇంట్లో అందరి బెల్టులూ కొలవమనండి. అంగుళాల్లో రాసి, సెంటీమీటర్లలోకి మార్చాలి. ఎవరు ఏ రంధ్రం వాడుతున్నారో కూడా రాయాలి. గణితంలో కొలతల పాఠం అక్కడే సగం వచ్చేస్తుంది.

తర్వాత ఒక ఇంగ్లిష్ మాట. 'టైటెన్ యువర్ బెల్ట్' అంటే ఏమిటని ఎనిమిదో తరగతిలో అడిగితే 'నడుం బిగించడం' అని చాలామంది రాశారు. చూడటానికి రెండూ ఒకటే. కానీ మనం నడుం బిగించేది పనిలోకి దిగడానికి. ఇంగ్లిష్‌లో బెల్టు బిగించేది ఖర్చు తగ్గించుకోవడానికి. ఈ తేడా పిల్లల చేత రెండు భాషల్లోనూ ఒక్కో వాక్యంలో రాయించండి.

ఆ రెండో తరగతి బాబుకు తర్వాత క్లిప్ ఉన్న ఎలాస్టిక్ బెల్టు వచ్చింది. మొదటి రోజు నా టేబుల్ దగ్గరకొచ్చి మూడుసార్లు తీసి పెట్టి చూపించాడు. ఆ వారం నుంచి బాటిల్ ఖాళీగా ఇంటికి వెళ్లిందని వాళ్లమ్మగారు చెప్పారు.

ఇప్పుడు కూడా బెల్టు లేకుండా వచ్చిన పిల్లల డైరీలో రాస్తాను. కాకపోతే మాట మార్చాను: 'ఈ రోజు బెల్టు లేదు. ఏమైనా ఇబ్బందిగా ఉందా?' మీ డైరీలో ఆ ప్రశ్న కనిపిస్తే కంగారుపడి ఆ రాత్రే షాపుకు పరిగెత్తకండి. పాపనో బాబునో దగ్గర కూర్చోబెట్టుకుని పాత బెల్టు పెట్టి, పది లెక్కపెట్టండి. ఏం తేలిందో నాకు ఒక్క లైను రాసి పంపండి.